క్రిప్టో సంతలో రుసుము, భద్రత

(పాల ఉత్పత్తిదారుల సమావేశమందు చేసిన ప్రసంగ పాఠము)



గత మాసమున మిర్చి యార్డునుండి వచ్చుచున్న ఒక రైతు నన్ను నిలిపి, "అయ్యా, మావాడు మిర్చి డబ్బులో లక్ష తీసి క్రిప్టోలో పెడతానంటున్నాడు. రుసుమేమీ లేదంట. పెట్టనియ్యమంటారా?" అని అడిగెను. ఆ నాణెముల ధర పెరుగునో తరుగునో చెప్పుట నా తరము కాదు. కాని సొమ్ము ఏ ఎక్స్ఛేంజి చేతికిచ్చుచున్నామో పరీక్షించుట మన చేతిలోని పనియే.

యార్డులో కమీషను ఒక్కటే ఖర్చు కాదని మీరెరుగుదురు. తరుగు, హమాలీ పోగా మిగిలినదే మన సొమ్ము. ఇచ్చటను అంతే. 10,000 రూపాయలు పెట్టి కొని, వెంటనే అమ్మితిమనుకొందము. రుసుము నూటికి అర్ధరూపాయి చొప్పున 50 రూపాయలు. దానిపై వస్తుసేవల పన్ను 18 శాతము, అనగా 9 రూపాయలు. మిగిలినది 9,941. కొనుధరకంటె అమ్ముధర 2 శాతము తక్కువగా నున్నచో అది 9,742 అగును. అమ్మునపుడు రుసుము, పన్ను కలిసి మరి 57. తేలినది 9,685. దీనిలో 1 శాతము, 97 రూపాయలు, ఆదాయపు పన్ను క్రింద ముందుగనే కోయుదురు. 2022 జూలై 1 నుండి వచ్చిన నిబంధన యిది. ఆ 97 రూపాయలను రిటర్నులో జమ చూపుకొనవచ్చును. ధరల తేడా క్రింద పోయిన దాదాపు రెండువందలు మాత్రము ఏ రసీదులోను కానరావు. రుసుము లేదని చాటు దుకాణములో తరుగు అచ్చటనే దాగియుండును. లాభము వచ్చినచో 30 శాతము పన్ను వేరు. ఒక నాణెముపై వచ్చిన నష్టమును మరియొకదాని లాభములో తగ్గించుకొననీయరు.

ఇక భద్రత. బ్యాంకు మూతపడినచో డిపాజిటుదారునకు 5 లక్షల రూపాయల వరకు బీమా కలదు. ఎక్స్ఛేంజిలోని నాణెములకు అట్టి అండ లేదు. 2024 జూలై 18న మన దేశపు వజీర్‌ఎక్స్ సంస్థనుండి 23 కోట్ల డాలర్లకు పైబడిన ఆస్తి అపహరింపబడినది. లావాదేవీలు నిలిచిపోయి, 2025 అక్టోబరులో గాని తిరిగి మొదలు కాలేదు. నష్టములో ఖాతాదారులు పాలుపంచుకొనవలసి వచ్చెను. 2025 ఫిబ్రవరి 21న బైబిట్ అను విదేశీ సంస్థ సుమారు 150 కోట్ల డాలర్లు పోగొట్టుకొన్నది. పలువురు సంతకము చేసిన గాని తెరువరాని పెట్టె యది! సంతకము చేసినవారికి తెరపై కనబడినది ఒకటి, జరిగినది మరియొకటి. అయినను ఆ సంస్థ అప్పు తెచ్చి ఖాతాదారులకు చెల్లింపులు సాగించెను. కావున తాళము గొప్పతనము విని మురియక, అది పగిలిననాడు నష్టము ఎవరు భరింతురో ఒప్పందపత్రములో చదువుడు.

ఆర్థిక నిఘా విభాగమువద్ద నమోదు అయినదా యని విచారించుడు. 2023 మార్చినుండి యిది తప్పనిసరి. నమోదు మన సొమ్ముకు పూచీ కాదు సుమా; అది లేనిచోటికి పోనేవలదు.

ఆ రైతు కుమారునితో, ముందు వేయి రూపాయలు మాత్రమే వేసి, అందులో ఐదువందలు బ్యాంకు ఖాతాకు తిరిగి రప్పించి చూడుమంటిని. మూడవనాడు తండ్రీ కొడుకులిద్దరును వచ్చిరి. సొమ్ము తీసుకొనవలెనన్న ముందుగా 2,000 రూపాయలు "పన్ను" కట్టుమని ఆ యాప్‌వారు అడిగిరట. కుర్రవాడు కట్టలేదు. అచ్చటనే కూర్చుండి 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు వ్రాయించితిమి. పోయినది వేయి రూపాయలు. లక్ష యింకను సహకార బ్యాంకులోనే యున్నది.