అయ్యగారూ, పైకప్పు రాలుతోంది

(నెమిలిలో సంఘ పెద్దలు, స్త్రీల సమాజం సభ్యులు కూడుకున్నప్పుడు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును మార్చలేదు.)



నన్ను పిలిచినవారు "అద్దె ఇళ్ల సమస్యల మీద మాట్లాడండి అయ్యగారూ" అన్నారు. వచ్చి చూస్తే ఈ హాల్లో అద్దెకున్నవాళ్లకంటే అద్దెకిచ్చినవాళ్లే ఎక్కువ కనబడుతున్నారు. వేలూరు నుంచి వచ్చినవారిలో ఆసుపత్రి చుట్టుపక్కల గదులున్నవాళ్లు ఉన్నారు. గుడియాత్తం నుంచి వచ్చినవారిలో తాము కింద ఉండి మేడమీద పోర్షన్ అద్దెకిచ్చినవాళ్లు నాకు తెలుసు. నెమిలివాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. పనప్పాక్కంలో 2024 సెప్టెంబరులో టాటా మోటార్స్ కార్ల ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగినప్పటి నుంచి, ఉన్న గది పక్కన ఇంకో గది వేసి టులెట్ బోర్డు పెట్టాలని ఎవరికి లేదు? కాబట్టి ఇవాళ ఎదుటివాళ్ల గురించి కాదు, మన గురించే మాట్లాడతాను. ఓనర్ల గురించి. సంఘం కూడా ఒక ఓనరే, మరిచిపోకండి.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. కొన్నేళ్ల కిందట నేను సేవ చేసిన ఒక సంఘానికి ఆరు లైన్ ఇళ్లు ఉండేవి. అద్దె వసూలు, మరమ్మతుల లెక్క నా చేతిలోనే. మూడో ఇంట్లో బీడీలు చుట్టుకుని బతికే ఒక అక్క, ఇద్దరు పిల్లలు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చి, "అయ్యగారూ, పైకప్పు పెచ్చులు రాలుతున్నాయి, పిల్లలు పడుకునే చోటే" అంది. "చూద్దాంలేమ్మా, కమిటీలో పెడతాను" అన్నాను. పెట్టలేదు. మర్చిపోయానని కూడా చెప్పలేను. క్రిస్మస్ దగ్గర పడుతోంది, మందిరం కాంపౌండు గోడకు రంగులు వేయిస్తున్నాం, డబ్బు అక్కడ కావాలి. రెండోసారి చెప్పింది. "ప్రార్థన చేద్దామమ్మా" అన్నాను. నిజంగానే అక్కడే నిలబడి ప్రార్థన చేశాను. మూడోసారి ఆమె రాలేదు. సమస్య తీరిందనుకున్నాను.

జనవరిలో ఒక రాత్రి, రెండు అరచేతులంత సిమెంటు పెచ్చు ఊడి పిల్లాడి దిండు మీద పడింది. వాడు ఆ నిమిషంలో నీళ్లకని లేచి ఉన్నాడు. తెల్లారాక వెళ్లాను. ఆమె నన్ను తిట్టలేదు. పెచ్చును పాత చీర ముక్కలో మూటకట్టి నా చేతికిచ్చింది. "మీ ఇంటిది అయ్యగారూ" అంది. అంతే.

ఆ మూట చాలాకాలం నా బల్ల కింద ఉండేది.

అద్దెకున్న మనిషి ఫిర్యాదు మానేశాడంటే ఇల్లు బాగైందని కాదు, మన మీద ఆశ వదులుకున్నాడని. అది నాకు అప్పుడు అర్థమైంది. అడిగితే ఖాళీ చేయమంటారేమో, అద్దె పెంచుతారేమో, పిల్లల బడి మధ్యలో ఆగిపోతుందేమో అని వాళ్లకు భయం. సంఘం ఇంట్లో ఉన్నవాళ్లకు ఇంకో భయం కూడా ఉంటుంది: అయ్యగారిని అడిగితే దేవుణ్ణి అడిగినట్టు అవుతుందేమోనని. ఆ భయాన్ని నేను వాడుకున్నాను. ప్రార్థనను మేస్త్రీకి బదులుగా పెట్టాను.

మనలో చాలామంది మొదటి తరం ఓనర్లం. మన అమ్మానాన్నలు టులెట్ బోర్డు కింద నిలబడి పేరు చెప్పారు, ఊరు చెప్పారు, "ఏ వీధి?" అని అడిగితే అదీ చెప్పారు. తర్వాత "ఇల్లు వేరేవాళ్లకు మాటిచ్చాం" అన్న జవాబు విని తిరిగి వచ్చారు. "శాకాహారులకు మాత్రమే" అన్న మాటకు అసలు అర్థం మనకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. చీటీ పాడి, బంగారం కుదువపెట్టి, గల్ఫులో తమ్ముడు పంపిన డబ్బు కలిపి ఒక స్లాబు వేశాం. అలాంటి మనం, నీళ్లు రావట్లేదని చెప్పడానికి ఒకడు తలుపు తడితే, "ఇష్టముంటే ఉండు, లేకపోతే ఖాళీ చెయ్యి" అంటున్నాం. ఈ మాట ఎవరి నోట విని నేర్చుకున్నామో మనకు బాగా తెలుసు.

వాక్యంలో దీనికి చోటుందా అని అడుగుతారు. లేవీయకాండము 14వ అధ్యాయం రెండో సగం తెరవండి. మనం ఎప్పుడూ బోధించం, ఎందుకంటే అందులో ఉన్నదంతా గోడలు, రాళ్లు, గచ్చు. ఇంటి గోడమీద పచ్చగానో ఎర్రగానో చారలు వస్తే ఇంటివాడు యాజకుడి దగ్గరికి వెళ్లి చెప్పాలి. యాజకుడు ఏం చేస్తాడు? లోపలికి వెళ్లకముందే ఇల్లు ఖాళీ చేయించమంటాడు, సామానంతా అపవిత్రమని తేలిపోకుండా. అంటే తనిఖీ పేరుతో ఆ ఇంటివాళ్ల చెంబూ చాపా నష్టం కాకూడదన్న ఆలోచన అక్కడ ఉంది. తర్వాత స్వయంగా వెళ్లి చూస్తాడు. ఏడు రోజులు మూసి ఉంచి ఏడో రో�ున మళ్లీ వస్తాడు. చార పాకితే ఆ రాళ్లు తీయించి, గోడ గీకించి, కొత్త రాళ్లు పెట్టించి, కొత్త పూత వేయిస్తాడు. అప్పటికీ తిరిగి వస్తే ఇల్లే పడగొట్టిస్తాడు. గమనించండి: ఫిర్యాదు విన్నాడు, వెళ్లి చూశాడు, తేదీ పెట్టాడు, ఆ తేదీకి తిరిగి వచ్చాడు. పైపైన సున్నం కొట్టి పంపలేదు. నేను వేదాంత కళాశాలలో హీబ్రూ చదివాను, ఈ అధ్యాయం మీద పరీక్ష కూడా రాశాను. గోడ చూడడం యాజకుడి పని అని మాత్రం ఆ మూట చేతిలో పడ్డాకే తెలిసింది.

ద్వితీయోపదేశకాండము 22లో ఇంకో చిన్న ఆజ్ఞ ఉంది: కొత్త ఇల్లు కడితే మిద్దెకు పిట్టగోడ కట్టాలి, లేకపోతే పడినవాడి రక్తం ఆ ఇంటిమీద ఉంటుంది. పడ్డవాడు జాగ్రత్తగా ఉండాల్సింది అని అక్కడ రాయలేదు.

అపొస్తలుడైన పౌలు రోములో రెండేళ్లు అద్దె ఇంట్లో ఉన్నాడు. ఆ ఇల్లు కారిందో లేదో, ఓనరు ఎలాంటివాడో లూకా రాయలేదు. కానీ అంతకు ఒక వందేళ్ల ముందు అదే ఊరి ఓనరు ఒకాయన రాసిన ఉత్తరం ఉంది. సిసెరో, గొప్ప వక్త. క్రీస్తుపూర్వం 44లో స్నేహితుడు అట్టికస్‌కు రాస్తూ, తన అంగళ్లు రెండు కూలాయని, మిగతావి పగుళ్లు పట్టాయని, అద్దెకున్నవాళ్లే కాదు ఎలుకలు కూడా వెళ్లిపోయాయని హాస్యంగా చెప్పుకున్నాడు. అంతటితో ఆగలేదు. ఈ నష్టంలోనూ లాభం చూసుకునే ఉపాయం ఒకటి ఉందట. ఎలుకల దాకా ఆలోచించినవాడు ఆ అద్దెదారులు ఎక్కడికి పోయారో రాయలేదు.

మన దగ్గరికి వద్దాం. 2021 నవంబరు 19న, గుడియాత్తం పక్కనే ఉన్న పేర్నంబట్టులో, వానకు నానిన ఇల్లు కూలి తొమ్మిదిమంది చనిపోయారు. అందులో నలుగురు పిల్లలు. తప్పు ఎవరిదని నేను ఇక్కడ తీర్పు చెప్పడం లేదు. నానిన గోడ ఎవరికీ టైమివ్వదని మాత్రం చెబుతున్నాను. మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అంటే ఓనరు మిద్దె ఎక్కాల్సింది సెప్టెంబరులో. ఎక్కి నీళ్లు పోయే తూములు శుభ్రం చేయించాలి, పగుళ్లు చూడాలి. పెచ్చులు ఎందుకు రాలతాయో మా మేస్త్రీ నాకు చెప్పాడు: పైన బాత్రూమ్ నీళ్లో, మిద్దెమీద నిలిచిన వాననీళ్లో స్లాబులోకి దిగి కమ్మీలు తుప్పు పడతాయి. తుప్పుపట్టిన కమ్మీ ఉబ్బుతుంది, ఉబ్బి కింది కాంక్రీటును నెట్టేస్తుంది. కాబట్టి కింద పుట్టీ రాసి రంగు వేస్తే లాభం లేదు. ముందు పైన నీళ్లు ఆగాలి. తర్వాత వదులైనదంతా కొట్టేసి, కమ్మీని వైర్ బ్రష్‌తో రుద్ది, తుప్పు ఆపే పూత వేసి, అప్పుడు సిమెంటు పూయాలి. పది నెలల అడ్వాన్స్ తీసుకున్నవాళ్లకు ఆ ఖర్చు భారమని చెప్పే నోరు ఉండకూడదు.

అడ్వాన్స్ అన్నాను కాబట్టి చట్టం సంగతి. 1960 నాటి పాత అద్దె నియంత్రణ చట్టం ఇప్పుడు లేదు. దాని స్థానంలో వచ్చిన 2017 నాటి తమిళనాడు చట్టం 2019 ఫిబ్రవరి 22 నుంచి అమల్లో ఉంది. ఒప్పందం కాగితం మీద ఉండాలి, దాన్ని రెంట్ అథారిటీ దగ్గర నమోదు చేయాలి. వేరే ఒప్పందం లేకపోతే అడ్వాన్స్ మూడు నెలల అద్దె మించకూడదు. మరమ్మతుల్లో ఎవరి వాటా ఏదో చట్టం చివర పట్టీ ఇచ్చారు. గోడలు, కప్పు, సున్నం, తలుపులు కిటికీల రంగు, పైపులు మార్చడం, వైరింగ్ ఓనరువి. కొళాయి వాషర్, స్విచ్, గడియ, పగిలిన కిటికీ అద్దం వంటివి ఉంటున్నవాళ్లవి. ఓనరు తన వంతు చేయనంటే వాళ్లు చేయించుకుని, నెలకు సగం అద్దె దాటకుండా పట్టుకోవచ్చు. గొడవ వచ్చిందని నీళ్లు, కరెంటు ఆపడం మాత్రం ఎవరు చేసినా తప్పే. మోటారు స్విచ్ గదికి తాళం వేసినవాళ్లు ఈ హాల్లో ఎవరైనా ఉంటే, పేరు చెప్పక్కర్లేదు, ఇంటికెళ్లి తాళం తీయండి.

మత సంస్థల ఇళ్లకు ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చి ఈ చట్టం నుంచి మినహాయింపు ఇవ్వవచ్చు. ఒక కమిటీ పెద్ద నాతో సంతోషంగా అన్నాడు, "అయితే మనకు వర్తించదు కదా అయ్యగారూ" అని. రాష్ట్రం పెట్టిన కనీసపు మెట్టు కూడా ఎక్కక్కర్లేదని సంఘం సంతోషిస్తే, పక్కింటి ఓనరుకు మనం ఏ ముఖంతో బోధిస్తాం?

కరెంటు విషయంలో ఒక చిన్న దొంగతనం మన మధ్య మామూలైపోయింది. ఈబీ వాళ్లు ఇంటి కనెక్షనుకు మొదటి కొన్ని యూనిట్లు ఉచితంగా ఇస్తున్నారు. అద్దెకున్నవాళ్లకు సబ్ మీటరు పెట్టి, మొదటి యూనిట్ నుంచే మనకు నచ్చిన రేటు వసూలు చేస్తున్నాం. ఆ పైకం ఎవరిది? బిల్లు చూపించి వాళ్ల వంతు తీసుకోండి. అదే మీటరు బోర్డులో షాకు కొట్టకుండా కాపాడే ఆర్‌సీసీబీ పెట్టించండి. "స్విచ్ ముట్టుకుంటే జిల్లుమంటోంది" అనే ఫిర్యాదుకు రేపు అనే జవాబు లేదు. ఆ రోజే ఎలక్ట్రీషియన్ రావాలి.

వేలూరు గదుల ఓనర్లకు ఒక మాట. మీ దగ్గర దిగేవాళ్లు చిత్తూరు నుంచి, కడప నుంచి, బెంగాల్ నుంచి రోగిని తీసుకొచ్చినవాళ్లు. వాళ్లు ఫిర్యాదు చేయరు. బాత్రూమ్ నేల జారుతుంటే వాళ్ల ఆలోచన ఆపరేషన్ తేదీ మీద ఉంటుంది. ఇరవై రోజుల్లో వెళ్లిపోతారు కదా అని మీరు వదిలేస్తారు. కుట్లు పడ్డ మనిషి జారే నేల అది. ఈ ఊరికి 1900లో ఐడా స్కడ్డర్ వైద్యురాలిగా వచ్చి పని మొదలుపెట్టింది కాబట్టే మీ గదులకు అద్దె వస్తోంది. కాస్త గరుకు టైల్స్, గోడకు ఒక పట్టుకునే కడ్డీ పెట్టించండి.

అద్దెకున్నవాళ్లలో తప్పులు లేవా? ఉన్నాయి. సింకులో అన్నం పోసి, మూసుకుపోయిందని అర్ధరాత్రి ఫోన్ చేసేవాళ్లున్నారు. మూడు నెలలు అద్దె ఇవ్వక, అడిగితే కొళాయి కారుతోందని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఓనరు విధవరాలై, ఆ అద్దె ఒక్కటే ఆధారమైతే ఆమె బాధ నాకు తెలుసు. ఆమెకు సంఘం వడ్డీలేని అప్పు ఇచ్చి స్లాబు బాగుచేయించవచ్చు, కాంపౌండు గోడకు రంగు ఒక ఏడాది ఆగవచ్చు. కానీ అద్దె బాకీ వేరు, రాలే కప్పు వేరు. ఒకదాన్ని చూపి ఇంకోదాన్ని ఎగ్గొట్టకూడదు, ఇటువాళ్లు గానీ అటువాళ్లు గానీ.

ఇప్పుడు నేనున్న చోట కూడా సంఘానికి నాలుగు పోర్షన్లు ఉన్నాయి. ఒక నోటుపుస్తకం పెట్టాను. మెట్ల దగ్గర మేకుకు వేలాడుతుంటుంది. ఎవరు ఏం చెప్పారు, ఏ తేదీన, నేను ఏ రోజు చేయిస్తానన్నాను, ఏ రోజు అయింది, ఎవరి ఖర్చు. రాయడం రానివాళ్లకు పిల్లలు రాసి పెడతారు. మొదట్లో కమిటీవాళ్లు "ఇలా పెడితే లేనిపోనివి రాస్తారు" అన్నారు. మొదటి నెలలో పదకొండు వచ్చాయి, అందులో తొమ్మిది నేను ఏడాదిగా చూస్తూ పోతున్నవే. లోపలికి వెళ్లాలంటే ఒక రోజు ముందు చెప్పి వెళ్తున్నాను. ఆడవాళ్లు ఒంటరిగా ఉన్న ఇంటికి మా ఆవిడ కూడా వస్తుంది. చేయలేనిది ఉంటే "ఈ నెల కాదు, వచ్చే నెల 10వ తేదీ" అని దాంట్లోనే రాస్తాను. రాసి తప్పితే ఆదివారం వాళ్ల ముఖం చూడలేను, అదే నాకు కాపలా.

నిన్నటి పేజీలో ఒకటే ఉంది: రెండో పోర్షన్, బాత్రూమ్ తలుపు కింద చెక్క కుళ్లింది, గడియ పడటం లేదు, ఇంట్లో వయసొచ్చిన అమ్మాయి ఉంది. శనివారం అని రాశాను. ఇవాళ శుక్రవారం. మీరు భోజనానికి లేస్తే నేను వడ్రంగికి ఫోన్ చేసుకుంటాను.