పటమును కొనువారు



చిత్రకళను గూర్చి ప్రసంగించువారు రంగులను, రేఖలను కొనియాడి ఊరకుందురు. ఆ చిత్రమును ఎవరు కొనిరి, ఎంతకు కొనిరి, కొన్నవాడు వ్రాసినవానికి ఎట్లు దొరకెను అని అడుగుట కళకు తక్కువతనమని కొందఱి తలంపు. నాకట్లు తోచదు. కొనువాడు లేనిచో చిత్రకారుని కుమారుడు కుంచె పట్టడు. ఈ మాటను చేర్యాల నకాషీల వృత్తిని దృష్టాంతముగా గొని మీకు విన్నవింతును.

చేర్యాల హైదరాబాదునకు సుమారు 100 కిలోమీటర్ల దూరమున నున్నది. 2016 వఱకు వరంగల్లు జిల్లాలోనిది. అప్పటినుండి సిద్దిపేట జిల్లాలో చేరినది. అచ్చటి నకాషీలు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూత పూసి, ఆరిన పిదప ఎఱ్ఱరంగు భూమికపై కథను వరుసగా వ్రాయుదురు. పటము వెడల్పు గజము; నిడివి 40 అడుగులకు మించియు నుండును.

ఇంత పెద్ద పటమును ఇంటిగోడకు వ్రేలాడదీయుటకు ఎవరును కొనలేదు. కొన్నవారు కథకులు. పద్మశాలీలకు మార్కండేయ పురాణము చెప్పు కూనపులివారు, మాదిగలకు జాంబపురాణము చెప్పు డక్కలివారు మున్నగువారు పటము విప్పి, బొమ్మను పుల్లతో చూపుచు, రాత్రులు కథ నడపుచుండిరి. గొల్లలకు కాటమరాజు కథ చెప్పు మందహెచ్చులవారికి పటము గాక కొయ్యబొమ్మలు కావలెను; అవియు చేర్యాలవే. ఏ కథకుని కుటుంబమునకు ఏ గ్రామములందు హక్కు కలదో ముందే నిర్ణయమై యుండెను. మీలో వయసు మీఱినవారు ఆ కథలను వినియే యుందురు.

ఈ ఏర్పాటును గమనింపుడు. ఊరివారు కథకుని ఎఱుగుదురు. కథకుడు చిత్రకారుని ఎఱుగును. చిత్రకారుడు తన ముంగిలి దాటనక్కఱలేదు. పటము చినిగినప్పుడు కథకుడే వచ్చి క్రొత్తదానిని వ్రాయించుకొనెడివాడు. పాతదానిని నదిలో విడిచెడివారు. అమ్మకమన్న మాట అందు వినబడదు గాని, జరిగినది అమ్మకమే. పరిచయములే దానికి అంగడి.

సినిమా వచ్చెను, పిమ్మట టెలివిజన్ వచ్చెను. కథకు కూర్చుండువారు తగ్గిరి. గొలుసులో నడిమి లంకె తెగెను. నకాషీలు పొడుగు పటములోని ఒక్కొక్క ఘట్టమును వేఱుచేసి, గోడకు తగిన చిన్న చిత్రములుగా వ్రాయసాగిరి. రంపపు పొట్టును చింతగింజల పిండితో కలిపి బొమ్మ ముఖములు చేయసాగిరి. ఇది తెలివిగల పని. కాని పట్టణమున కొనువానికి భావనాఋషి ఎవరో తెలియదు. పూర్వము బొమ్మకు కథకుని గొంతు తోడుండెను. ఇప్పుడు బొమ్మ యొంటరిగా పోవుచున్నది. కనుక చిత్రకారుడే కథ చెప్పవలెను. ప్రతి చిత్రము వెనుక ఆ కథను నాలుగు పంక్తులలో వ్రాసి, తన పేరు, ఊరు, ఫోను నంబరు చేర్చవలెను. నడుమ వర్తకుడుండుట దోషము కాదు. అతడు ఆ పేరును చెఱపి అమ్ముట దోషము.

ఢిల్లీలోని దిల్లీ హాట్, హైదరాబాదునందలి శిల్పారామము వంటి చోట్ల కొనువాడు చిత్రకారునికి స్వయముగా ఎదురుపడును. అచ్చట ఆనాటి అమ్మకముకంటె కొన్నవాని చిరునామాయే విలువైనదని నా యభిప్రాయము. పేర్లు ఒక పుస్తకమున వ్రాసికొని, దసరాకో సంక్రాంతికో క్రొత్త చిత్రమును గూర్చి వార్త పంపినయెడల, ఆతడు మఱి యిద్దఱిని తెచ్చును. కొనక పోయినవాని పేరును సైతము వ్రాసికొనవలెను. ధర అడిగి, ఇంటికి పోయి ఆలోచించువారు కలరు. పెద్ద పని వచ్చినప్పుడు తోడి నకాషీలతో పంచుకొనవలెను. లేనిచో గడువు తప్పును, కొనువాడు మఱల రాడు.

భౌగోళిక గుర్తింపు చట్టము 1999లో పుట్టి 2003లో అమలునకు వచ్చెను. చేర్యాల చిత్రములు దానిక్రింద నమోదైనవి. ఇతరులు ఆ పేరు వాడకుండ ఆపుటకు అది అక్కఱకు వచ్చును. కొనువానిని మాత్రము అది వెదకి తేదు.

ఆ పని మీవంటి పెద్దలకు సులభము. దేవాలయ ధర్మకర్తలు, బడి పంతుళ్లు, కులసంఘముల వారు మీ మాట విందురు. సంఘ భవనము కట్టి గోడకేమి పెట్టుదమా యని వారు యోచించునపుడు, తమ పురాణమునే పటముగా వ్రాయించుకొనవచ్చునని చెప్పుడు. పురమాయించునపుడు నిడివి, ఘట్టములు, గడువు, ధర ముందుగనే కాగితముపై వ్రాసికొని బయానా ఇప్పింపుడు. గుడ్డయు రంగులును అప్పుతో కొన్నచో వచ్చిన సొమ్ములో కొంత వడ్డికే పోవును. పొడుగు పటము నెలల పని. ఆ నెలలన్నియు చిత్రకారుని యిల్లు గడవవలెను.