నేతగాళ్ళ ఇంట్లో నాలుగు రోజులు

ఇంగ్లండు వెళ్ళొచ్చిన వాళ్ళెవరిని కదిపినా లండను కబుర్లే చెబుతారు. రాజుగారి భవనం, గడియార స్తంభం, మైనపు బొమ్మలు. అక్కడి పల్లెటూళ్ళలో మూడు నాలుగు వందల ఏళ్ళనాటి ఇళ్ళను కొన్ని రోజులకు అద్దెకిస్తారనీ, మన వంట మనం వండుకుంటూ అందులో వుండొచ్చనీ చాలామందికి తెలియదు. మొన్న వసంతకాలంలో మా చెల్లెలి దగ్గరకు బర్మింగ్‌హామ్ వెళ్ళినప్పుడు అలాంటి ఇంట్లో మేమిద్దరం నాలుగు రోజులున్నాం. ఆ ఇంటి సంగతి మీతో చెప్పాలని ఈ ప్రసంగం.

ఊరి పేరు బైబరీ. గ్లాస్టర్‌షైర్ జిల్లాలో కాట్స్‌వోల్డ్స్ అనే కొండప్రాంతంలో వుంది. ఊళ్ళోంచి కోల్న్ అనే చిన్న ఏరు పారుతుంది. నీళ్ళు ఎంత తేటగా వుంటాయంటే అడుగున చేప తోకాడిస్తే కనబడుతుంది. ఏటికి అవతల గట్టున తేనెరంగు రాతితో కట్టిన చిన్న చిన్న ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని వరసగా వుంటాయి. దాన్నే ఆర్లింగ్‌టన్ రో అంటారు. కొన్నేళ్ళపాటు బ్రిటిష్ పాస్‌పోర్టు లోపల ఈ వరస బొమ్మే అచ్చువేశారు. మేమున్నది అందులో ఒక ఇల్లు.

గుమ్మం ఎత్తు చాలా తక్కువ. నాలాంటి పొట్టిదాన్నే తల వంచమంటుంది. గోడలు మాత్రం మూరెడు మందం. కిటికీలు గూళ్ళలాగా చిన్నవి. మేడమెట్లు ఇరుకు, ఒక చేత్తో కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, రెండో చేత్తో గోడ పట్టుకుని ఎక్కాలి. పైకప్పు చూసి తీరాలండీ! మన పెంకుల్లాంటివే, కాని రాతి పలకలు. చూరు దగ్గర పెద్దవి, పైకి పోయేకొద్దీ చిన్నవి. బరువంతా గోడమీద పడాలని అలా పేరుస్తారు. ఇప్పుడు ఆ కప్పు తీరు మార్చాలంటే అనుమతి కావాలి. రక్షిత కట్టడాల జాబితాలో వున్న ఇంటిని ఇష్టమొచ్చినట్టు మార్చడం అక్కడ నేరం.

అసలది ఇల్లుగా పుట్టలేదు. 1380 ప్రాంతంలో మఠంవాళ్ళు ఉన్ని నిలవ చేసుకోవడానికి కట్టుకున్న కొట్టు. గొర్రెల ఉన్నే ఆ సీమకు బంగారం. 17వ శతాబ్దంలో ఆ కొట్టును గదులు గదులుగా విడదీసి నేతగాళ్ళకు ఇళ్ళు చేశారు. ఇక్కడ నేసిన బట్టను దగ్గర్లోని మిల్లుకు పట్టుకెళ్ళి, నీళ్ళలో ఒక రకం మట్టివేసి చెక్క సుత్తులతో కుమ్మేవారు. అలా చేస్తే బట్ట దగ్గరపడి దట్టమవుతుంది. (ఆ కాలంలో మట్టితోపాటు ఇంకా ఏం కలిపేవారో రేడియోలో చెప్పడానికి వీల్లేదు!) తరవాత ఇళ్ళ ఎదుట ఏటి మధ్య వున్న లంకలో కొయ్యచట్రాలకు బిగించి ఆరబెట్టేవారు. ఆ లంకను ఇప్పటికీ ర్యాక్ ఐల్, అంటే చట్రాల లంక అనే అంటారు. ఇప్పుడక్కడ చట్రాలు లేవు, బాతులున్నాయి.

మగవాళ్ళు నేసేవారు, ఆడవాళ్ళు, పిల్లలు వడికేవారు. ఒక మగ్గానికి నూలు అందాలంటే కనీసం నలుగురు వడకాలి. ఇంగ్లీషులో పెళ్ళికాని స్త్రీని స్పిన్‌స్టర్ అంటారు కదా, ఆ మాటకు అసలర్థం వడికే ఆమె అని. చీకటి పడితే ఆ చిన్న కిటికీ దగ్గర వాళ్ళకెంత వెలుతురు దక్కేదో! నాకైతే పగలు పన్నెండింటికి బియ్యంలో రాళ్ళు ఏరడానికే దీపం కావలసొచ్చింది.

ఇంత ఆసక్తి నాకెందుకంటే, నేను పుట్టింది పెడనలో. బందరు పక్కన. మా నాన్న గుంట మగ్గం మీద నేసేవారు, అమ్మ ఆసు పోసేది, మేం పిల్లలం కండెలు చుట్టేవాళ్ళం. అందుకని ఈ రాతిగోడల మధ్య కూర్చుంటే ఒక విషయం పదేపదే మనసులో మెదిలింది. ఇంగ్లీషు కంపెనీవాళ్ళు 1611లోనే బందరులో కొట్టు పెట్టుకుని, మన అద్దకం బట్టలు ఓడలకెత్తారు. ఆ పూలబట్ట మీద ఇంగ్లండు ఆడవాళ్ళకు మోజు పుట్టింది. తేలిక, ఉతికితే రంగు పోదు, ఉన్నిలాగా గుచ్చుకోదు. ఇక వాళ్ళ నేతగాళ్ళకు కడుపు మండదూ? 1700లో ఒక చట్టం చేయించి మన అద్దకం బట్టల దిగుమతి ఆపించారు. అయినా జనం మానలేదు. 1719లో లండన్ వీధుల్లో పట్టునేతవాళ్ళు గుంపులుగా వచ్చి, ఆడవాళ్ళ వొంటిమీది అద్దకం గౌన్లు చింపారు, సిరా, ఆమ్లం పోశారు. 1721లో అలాంటి బట్ట కట్టుకోవడమే తప్పని మరో చట్టం వచ్చింది. అంతకు ముందే చనిపోయినవాళ్ళకు కూడా ఇంగ్లీషు ఉన్నిబట్టే చుట్టి పాతిపెట్టాలని శాసనముండేది. కాదంటే ఐదు పౌన్లు జరిమానా.

మగ్గం నిలవాలని ఎదుటి మగ్గాన్ని పడగొట్టే పని అన్నమాట. వాళ్ళను తిట్టాలని అనుకుని ఆ ఇంట్లో కూర్చుంటే మాత్రం తిట్టు నోటికి రాలేదు. ఇంత ఇరుకులో ఆరేడుగురు బతికినవాళ్ళని ఏమంటాం? ఆ బైబరీ నేతా నిలవలేదు. యంత్రాలొచ్చి, పని వేరే ఊళ్ళకు పోయింది. అవే యంత్రాల బట్ట మన రేవుల్లో దిగి మనవాళ్ళనూ దెబ్బతీసింది.

ఇళ్ళెలా మిగిలాయంటారా? 1929లో రాయల్ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ అనే సంస్థ కొని బాగుచేయించింది. 1949లో నేషనల్ ట్రస్టుకు అప్పగించింది. ఈ ట్రస్టును 1895లో పెట్టిన ముగ్గురిలో ఒకరు ఆక్టేవియా హిల్ అనే ఆవిడ. లండన్‌లో బీదవాళ్ళ ఇళ్ళ బాగుకోసం పాటుపడ్డ మనిషి. వీళ్ళు మొదట కొన్న ఇల్లు ఆల్‌ఫ్రిస్టన్ ఊళ్ళో కూలిపోబోతున్న పాత మతగురువు ఇల్లు. 1896లో పది పౌన్లకు కొన్నారు. పది పౌన్లే!

మీరు వెళ్ళేట్టయితే రెండు మాటలు. ఆ ఊరికి రైలు లేదు, కారుండాలి. సరుకులు ముందే కొనుక్కోండి. బియ్యం, కందిపప్పు, చింతపండు మీతో పట్టుకెళ్ళండి. పోపు వేసేముందు కిటికీ తీయడం మరవకండి, పొగ తగిలితే మోగే గంట ప్రతి ఇంట్లోనూ వుంటుంది. ఇంకో సంగతి: పగలంతా యాత్రికులు గుమ్మం ముందునించే పోతుంటారు. ఆ వరసలో మామూలు కాపురాలూ వున్నాయి, దయచేసి లోపలికి తొంగిచూడొద్దని పలకలు పెట్టుకున్నారు పాపం. అయినా నేను ఉల్లిపాయలు తరుగుతుంటే ఒకాయన కిటికీలోంచి ఫోటో తీసుకుని పోయాడు. ఎవరింట్లోనో గోడమీద అందమైన ఇంగ్లీషు పల్లెటూరి ఇల్లు, కిటికీలో వెంకటగిరి చీరతో నేను!

సాయంత్రం ఆరు దాటితే మాత్రం అంతా వెళ్ళిపోతారు. ఏటి చప్పుడొక్కటే. అప్పుడు నేనూ చెల్లెలూ గడపమీద కూర్చుని మాట్లాడుకున్నదంతా పెడన ఇంటి గురించే. తమ్ముడు ఆ ఇల్లు పడగొట్టి డాబా వేస్తానంటున్నాడు. వాడిదీ న్యాయమే, వానాకాలం గుంటలో నీళ్ళూరి మగ్గం ఆపుకోవలసొస్తుంది. చెల్లెలు ఆ ఇల్లు అలాగే వుంచాలంటుంది, ఖర్చు తను పెట్టుకుంటుందట. నేనన్నాను, బైబరీలో గోడలు మిగిలాయి గాని మగ్గం ఒక్కటీ మిగల్లేదు కదే అని. మన తమ్ముడు ఇంకా నేస్తున్నాడు. గోడ నిలబెట్టి వాణ్ణి ఆ చెమ్మలోనే కూర్చోబెడదామా?

తిరిగొచ్చాక తమ్ముడికి ఆ ఇంటి ఫోటోలు చూపించాను. కప్పు చూశాడు, గోడ మందం అడిగాడు. తరవాత, "అక్కా, మగ్గం ఎక్కడ వేసుకునేవాళ్ళు, ఆ కిటికీ పక్కనా?" అన్నాడు. డాబా వేసినా ఎత్తుమీద మగ్గానికి వేరే గది, తూర్పుకు పెద్ద కిటికీ పెడతానంటున్నాడు. పాత దూలాలు అందులోకి వాడతాడట. శంకుస్థాపన మాఘంలో. చెల్లెలు ఇంకా ఒప్పుకోలేదు.