నీటిలో దిగువారి తొడుగులు



బాతుల వేటకు దిగువాడు తొడుగుకొను నీటి తొడుగును గూర్చి చెప్పుమని నన్ను కోరినారు. వేట సంగతి ముందుగా ముగించెదను. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము మన దేశమున వేటను అదుపులో పెట్టినది. 1991లో చేసిన సవరణతో లైసెన్సు పుచ్చుకొని పిట్టలను కొట్టు పద్ధతియు పోయినది. కావున చలికాలమున మన చెరువులపై వ్రాలు సూదితోక బాతును గాని, బాపన బాతును గాని తుపాకితో కొట్టుట నేడు నేరము. వేట పోయినను వేటగాని తొడుగు మాత్రము మన యొద్దకు వచ్చి చేరినది. దానిని వేడర్లు అందురు. పాదము మొదలు రొమ్ము వరకు ఒకే ముక్కగా నుండి, భుజముల మీది పట్టీలతో వ్రేలాడుచు, నీటిని లోనికి రానీయని తొడుగు అది. అమెరికా, ఐరోపా దేశములలో బాతుల వేటగాండ్రు మంచు కురియు తెల్లవారుజామున బురదలో గంటల కొలది నిలిచి యుండుటకై దీనిని వాడుదురు.

హైదరాబాదు పడమటి దిక్కున, 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన మాదాపూరు మొదలుకొని గచ్చిబౌలి వరకు, నేడు అద్దాల మేడలే కనబడును. ఆ మేడల నడుమ పాత చెరువులు ఇంకను ఉన్నవి. వానిలో దుర్గం చెరువు ఒకప్పుడు గోలకొండ కోటకు మంచినీరిచ్చినదని ప్రసిద్ధి. వాయవ్యమున నున్న అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటించిరి. ఏటేట జనవరిలో నీటిపక్షుల లెక్క జరుగును. 1987లో మొదలై ఆసియాలోని పలు దేశములలో నడచుచున్న లెక్క ఇది. కంప్యూటరు కొలువులలోని యువకులు తెల్లవారకమునుపే దుర్భిణులతో చెరువుగట్టు చేరుదురు. వారిలో కొందరు వెలపెట్టి వేడర్లు తెప్పించుకొందురు. నిజమునకు గట్టుమీద నిలిచి లెక్కించువానికి ఆ తొడుగుతో పనిలేదు. నీటిలో దిగినచో పక్షులు లేచిపోవును, లెక్కయు చెడును.

తొడుగుతో పని ఎవరికి? గుర్రపుడెక్క తీయు కూలికి, వల లాగు బెస్తవానికి, తూము మూతను సరిచేయు నీరటికానికి. నగరపు చెరువులలో గుర్రపుడెక్క తీయుటకు యంత్రములు వచ్చినవి గాని, యంత్రము చేరని మూలలకు మనుష్యుడే దిగవలయును. అతడు లుంగీ ఎగగట్టి దిగును. ఇండ్లలోని మురుగు కలిసిన నీటిలో ఎలుకల మూత్రము నుండి పుట్టు ఎలుకజ్వరపు క్రిములుండును. కాలిమీది చిన్న గీరుడైనను చాలును, అవి ఒంటిలో చొరబడును. పాకీపని నిషేధ చట్టము క్రింద 2013లో వెలువడిన నియమములు, మురుగు కాలువలు శుభ్రపరచు పనివానికి యజమాని ఈయవలసిన రక్షణ సామగ్రిలో బూట్లతో కూడిన ఈ తొడుగును పేరుపెట్టి చేర్చినవి. ఆ నియమము మురుగు కాలువలకే గాని, మురుగు చేరిన చెరువునకు న్యాయము వేరుగా ఉండవలసిన పని లేదని నా అభిప్రాయము. గ్రామమున మత్స్యకారుల సంఘమో పంచాయతీయో తొడుగులు కొనదలచినచో, ఏది కొనవలెనని మిమ్ములనే అడుగుదురు. అందుచేతనే ఈ సంగతులు.

1823లో చార్లెస్ మాకింటాష్ అను స్కాట్లండు దేశీయుడు రెండు గుడ్డల నడుమ రబ్బరు పూసి, నీరు చొరని బట్టకు హక్కుపత్రము పొందెను. అప్పటి నుండి చాలకాలము నీటి తొడుగులన్నియు రబ్బరు జాతివే. బయటి నీరు లోనికి రాదు సరే, లోని చెమటయు బయటికి పోదు. జాము సేపు పనిచేసి విప్పినచో, నీటిలో మునిగినవాడే మేలనునట్లు లోపలి బట్టలు తడిసియుండును. 1969లో అమెరికాలో రాబర్ట్ గోర్ అను నతడు ఒకజాతి ప్లాస్టిక్కును ఒక్క ఊపున సాగలాగి, సన్నని రంధ్రముల పొరగా మార్చవచ్చునని కనుగొనెను. నీటిబొట్టు దూరలేదు, ఆవిరి దూరగలదు. గాలి ఆడు తొడుగులన్నిటిలోను ఇదే పొర ఉండకపోయినను, పని తీరు మాత్రము ఒకటే.

దీనిని మన మట్టికూజాతో పోల్చిన తెలియును. రాగిబిందెలో నీరు చల్లబడదు, కూజాలో చల్లబడును. కూజా ఒడలినుండి తేమ బయటి గాలిలో కలియుటయే కారణము. అయితే ముసురు పట్టిన దినమున అదే కూజాలోని నీరు అంతగా చల్లబడదు. గాలి అప్పటికే తేమతో నిండియుండుట చేత కూజా తేమను పుచ్చుకొనజాలదు. గాలి ఆడు తొడుగు గుణమును ఇట్టిదే. హైదరాబాదు పీఠభూమి మీద నవంబరు నుండి ఫిబ్రవరి వరకు గాలి పొడిగా నుండును గనుక ఆ కాలమున అది బాగుగ పనిచేయును. కొల్లేటి ప్రక్కన ఉక్కపోత దినములలో దానినే తొడిగిన, పెట్టిన వెలకు తగిన సుఖము కలుగదు. మరియొక సంగతి: నీట మునిగిన భాగమునుండి ఆవిరి పోవుట మిక్కిలి తక్కువ. మోకాలిలోతు నీటిలో తిరుగువానికి గాలి ఆడు తొడుగు గొప్ప మేలు. రొమ్ములోతున నిలుచువానికి దానికిని రబ్బరునకును భేదము స్వల్పము. అమ్మువాడు ఈ మాట చెప్పడు.

కావున మురుగు కలిసిన నగరపు చెరువునకు, బూట్లతో అతికిన పీవీసీ గాని రబ్బరు గాని తొడుగే నా సలహా. సబ్బునీటితో గట్టిగా కడుగవచ్చును. గాలి ఆడు పొర నూనె, మడ్డి సోకిన చెడును. అయితే ఎండకాలమున రబ్బరు తొడిగిన మనిషిని గంటల కొలది నీటిలో నిలిపిన వడదెబ్బ తగులును. మాటిమాటికి గట్టెక్కించి, విప్పించి, నీరు త్రాగింపవలెను. పల్లెలో మంచి నీటి చెరువున ఉదయమంత తిరుగు బెస్తవానికి మాత్రము, సొమ్మున్నచో, గాలి ఆడునదే కొనుడు.

మన్నిక విషయమున చెరువు అడుగును చూడవలెను. మన చెరువులలో సర్కారు తుమ్మ ముల్లే మొదటి శత్రువు. నగరమున పగిలిన సీసాలు. మోకాళ్ల మీద, పిరుదుల మీద అదనపు పొరలు గల తొడుగు ఎంచుకొనుడు. లోపలి తొడల మీదుగా కుట్టు పోయిన తొడుగు నడకలో ఒరసి అక్కడనే మొదట కారును. కొనకమునుపు తొడిగించి, గొంతు కూర్చుండబెట్టి, గట్టెక్కునట్లు కాలు పైకెత్తింపుడు. మోకాలివద్ద బిగిసిన కుట్లు తెగును. మరీ వదులైన ముడతలలో గుడ్డ ఒరసి చిరుగును. రేగడి బురదలో అతుకుబూటు వదులైనచో పాదము బూటులో నుండి పైకి వచ్చును, కాలు మాత్రము దిగబడియే యుండును. అట్టిచోట మేజోడు వంటి పాదము గల తొడుగు కొని, పైన తాళ్లబూటు బిగించుట మేలు. ఇక లోపల నూలుపంచె దోపుకొనరాదు. నూలు చెమటను పీల్చి పట్టుకొనును. పలుచని పాలియెస్టరు పైజామా చాలును.

నడుముపట్టీ లేక ఎవనిని నీటిలో దిగనీయకుడు. 2015లో మిషన్ కాకతీయ మొదలైన పిమ్మట అనేక చెరువులలో పూడిక తీసిరి. మంచి పని, కాని ఎక్కడ గుంట ఉన్నదో నీరు నిండిన పిమ్మట కానరాదు. తొడుగులో నీరు నిండినంతనే మనిషిని అడుగునకు లాగునని అందరు భయపడుదురు. అది సరికాదు, లోని నీటికి బయటి నీటికంటె ఎక్కువ బరువు లేదు. నిజమైన అపాయము కాలు కదలకపోవుట, గట్టెక్కునపుడు ఆ నీటి బరువంతయు మీద పడుట. బిగించిన పట్టీ నీటిని ఆలస్యముగా రానిచ్చును. భుజపట్టీలు ఒక్క చేతితో విప్పుకొనుట గట్టుమీదనే నేర్పుడు. ఒక్కనిని ఒంటరిగా పంపకుడు.

పని ముగిసిన పిమ్మట మంచినీటితో కడిగి, లోపలి వైపును కూడ నీడలో ఆరవేయవలెను. ఎండలో వేసిన రబ్బరు పగులును. మడిచి మూలనుంచినచో మడతల వెంబడి చీలును. చిల్లి కనబడనిచో చీకటిగదిలో తొడుగులోనికి విద్యుద్దీపము దింపి చూడుడు. ముల్లు గ్రుచ్చినచోట చుక్కవలె వెలుగు కనబడును. ఆ చోట గుర్తుపెట్టి, తడి పూర్తిగా ఆరినపిమ్మట, ఆ గుడ్డకు తగిన పాలియురెథేను జిగురుతో అతుకు వేసి ఒక రాత్రి కదల్పక యుంచుడు. సైకిలు ట్యూబునకు వేయు అతుకు గాలి ఆడు గుడ్డకు పట్టదు. కొనునాడే తగిన జిగురుగొట్టము నొకదానిని కూడ అడిగి పుచ్చుకొనుడు.