కళ్లకూ ఏటా ఒక లైఫ్ సర్టిఫికెట్

(మన సంఘం నెలవారీ సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



కంటి ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, "ఎవరైనా డాక్టరు గారిని పిలవండి, ఖాతాల విభాగంలో పనిచేసి రిటైరైన వాణ్ణి, నాకేం తెలుసు?" అన్నాను. "డాక్టరు చెబితే తలూపి ఇంటికి పోతాం. పోగొట్టుకున్నవాడు చెబితే గుర్తుంటుంది" అన్నారాయన. నిజమే. నా ఎడమ కంటి చూపు చాలా భాగం పోయింది. నొప్పి లేకుండా, ఎరుపు లేకుండా, చెప్పాపెట్టకుండా పోయింది. అది మీకెవరికీ జరగకూడదనే ఇక్కడ నిలబడ్డాను. వైద్య విషయాలు మాత్రం నాకు చికిత్స చేస్తున్న కంటి డాక్టరు గారిని అడిగి సరిచూసుకునే చెబుతున్నాను.

నేను 2012లో రిటైరయ్యాను. మరుసటి ఏడాది పేపరు చదువుతుంటే అక్షరాలు మసకగా అనిపించాయి. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద కళ్లద్దాల షాపులకు కొదవేముంది? "ఉచిత కంప్యూటర్ కంటి పరీక్ష" అన్న బోర్డు చూసి ఒక షాపులోకి వెళ్లాను. గడ్డం ఆనించమన్నారు, లోపల బొమ్మ చూడమన్నారు, పది నిమిషాల్లో నంబరు చెప్పారు. ఆ తరువాత ఆరేళ్లలో మూడుసార్లు అద్దాలు మార్చాను. ప్రతిసారీ "కళ్లు చూపించుకున్నాను" అనే అనుకున్నాను. షాపు వారిని తప్పుపట్టను. వారు నంబరు చూస్తామన్నారు, నంబరే చూశారు. దాన్నే కంటి పరీక్ష అనుకోవడం నా పొరపాటు.

ఈలోగా సూచనలు కనిపిస్తూనే ఉన్నాయి. నడుస్తుంటే ఎడమ భుజం తలుపుకు కొట్టుకునేది. భోజనం దగ్గర ఎడమవైపు పెట్టిన మంచినీళ్ల గ్లాసు చెయ్యి తగిలి దొర్లిపోయేది. "ధ్యాస ఎక్కడుందండీ?" అని మా ఆవిడ విసుక్కునేది. వయసు మీద పడుతోంది కదా అని సరిపెట్టుకున్నాం. 2018 ఆగస్టు 15న తెలంగాణ ప్రభుత్వం "కంటి వెలుగు" కార్యక్రమం ప్రారంభించింది. మా కాలనీకి దగ్గరలో శిబిరం పెట్టినప్పుడు పక్కింటివారు రమ్మన్నారు. "నాకు అద్దాలున్నాయిగా" అని వెళ్లలేదు.

2019 వేసవిలో ఒక సాయంత్రం కొత్తపేటలో నడుస్తున్నాను. కుడి కంట్లో దుమ్ము పడింది. జేబురుమాలుతో ఆ కన్ను మూసుకుని ఎడమ కంటితో చూశాను. ఎదురుగా మెట్రో స్తంభం కనబడుతోంది. దాని పక్కనే ఉన్న మామిడిపళ్ల బండి కనబడలేదు. తల తిప్పితే బండి కనబడింది, స్తంభం మాయమైంది. గొట్టంలోంచి చూస్తున్నట్టుంది. కాళ్లలో వణుకు పుట్టి అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను.

మర్నాడే కంటి ఆసుపత్రికి వెళ్లాం. కంటిలో ఒత్తిడి కొలిచారు. చుక్కలు వేసి కంటిపాప పెద్దదయ్యాక లోపలి నరాన్ని చూశారు. గిన్నెలాంటి యంత్రం ముందు కూర్చోబెట్టి, వెలుగు చుక్క కనబడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. రెండు గంటల తరువాత జబ్బు పేరు చెప్పారు. ఇంగ్లీషులో గ్లకోమా. మనవాళ్లు నీటికాసులు అంటారు. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నదాన్ని కాపాడుకోవడమే మన చేతిలో ఉన్నదనీ డాక్టరు గారు మెల్లగా చెప్పారు.

ఈ జబ్బు ఏమిటో క్లుప్తంగా చెబుతాను. కంటి లోపల ఒక నీరు నిరంతరం ఊరుతూ, జల్లెడలాంటి సన్నని దారిగుండా బయటకు పోతుంటుంది. ఇది కన్నీరు కాదు, వేరు. ఆ దారి సరిగా పనిచేయకపోతే లోపల ఒత్తిడి పెరిగి, కంటి నుంచి మెదడుకు వెళ్లే నరం నలిగిపోతుంది. ఒత్తిడి సాధారణంగా 10 నుంచి 21 మధ్య ఉంటుంది. అయితే ఆ లెక్కలోనే ఉన్నా కొందరికి నరం దెబ్బతింటుంది. కాబట్టి ఒత్తిడి కొలిస్తే చాలదు, నరాన్ని కూడా చూడాలి.

మరి ఆరేళ్లు నాకెందుకు తెలియలేదు? చూపు మొదట అంచుల నుంచి పోతుంది. ఒక కంటిలో పోయింది రెండో కన్ను పూడుస్తుంది. ఖాతాల మనిషిని కనుక నా భాషలో చెబుతాను. రెండు ఖాతాలు కలిపి చూస్తే మొత్తం సరిపోతూనే ఉంటుంది. విడివిడిగా తెరిచి చూస్తేనే ఒకదానిలో లోటు బయటపడుతుంది. నేను ఒక్కడినే ఇలా మోసపోలేదు. 1996 నుంచి 2000 వరకు ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వారు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కంటి జబ్బుల మీద పెద్ద సర్వే చేశారు. హైదరాబాదులో ఈ రకం నీటికాసులు ఉన్నట్టు తేలినవారిలో, పదిమందికి తొమ్మిది మంది కంటే ఎక్కువకు ఆ సంగతి అంతకుముందు తెలియనే తెలియదు.

ఇది కుటుంబంలో వచ్చే జబ్బు కూడా. మా నాన్నగారికి చివరి రోజుల్లో చూపు పోయింది. శుక్లాలని అందరూ అన్నారు, ఎవరూ చూపించలేదు. నా సంగతి తెలియగానే నల్లగొండలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి, "నీకేం బాధ లేకపోయినా సరే, రేపే వెళ్లు" అన్నాను. వాడికీ అదే జబ్బు ఉంది. అయితే మొదట్లోనే దొరికింది. రోజూ రాత్రి ఒక చుక్క వేసుకుంటున్నాడు, చూపు చెక్కుచెదరలేదు. ఒకే తల్లి బిడ్డలం, ఒకే జబ్బు. తేడా అంతా ఎప్పుడు చూపించుకున్నామన్నదే.

శుక్లాల సంగతి వేరు. కంటిలోని కటకం వయసుతో మసకబారడమే శుక్లం. అందులో పోయిన చూపు ఆపరేషన్‌తో తిరిగి వస్తుంది. అందుకే జనం అన్ని చూపు లోపాలనూ శుక్లమేననుకుని, "ముదిరాక చూద్దాంలే" అంటారు. ఆ మాట పాతకాలానిది. మెట్లు దిగడానికి, పేపరు చదవడానికి, రాత్రి రోడ్డు దాటడానికి ఇబ్బంది మొదలైతే చాలు, ఆపరేషన్ చేయించుకోవచ్చు. మరీ ముదిరితే ఆపరేషన్ కష్టమవుతుంది. చుక్కలతో, తేనెతో, పసర్లతో శుక్లం కరగదు.

ఈ సందర్భంలో ఒక చిన్న కథ. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల అద్దాలు పగిలి, ఆ ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకున్నాయి. ఆ ముక్కలను కన్ను సహిస్తోందని హెరాల్డ్ రిడ్లీ అనే బ్రిటిష్ డాక్టరు గమనించి, 1949లో లండన్‌లో తొలిసారి ఒక రోగి కంటిలో కృత్రిమ కటకం అమర్చారు. మన తాతల కాలంలో ఆపరేషన్ తరువాత సీసా అడుగుల్లాంటి మందపు అద్దాలు పెట్టుకునేవారు. ఆ బాధ ఇప్పుడు మనకు లేదంటే ఆయన చలవే.

ఇక షుగరు. ఈ హాలులో షుగరు లేనివారు చేతులెత్తండి అంటే ఎన్ని లేస్తాయో నాకు తెలుసు. షుగరు కంటి వెనుక పొరలో, అంటే రెటీనాలో, సన్నని రక్తనాళాలను దెబ్బతీస్తుంది. ఇక్కడా మొదట్లో ఏ సూచనా ఉండదు. చూపు బాగున్నప్పుడే ఏడాదికొకసారి కంటిలో చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోవాలి. మసక వచ్చాక వెళితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

సోదరీమణులు కూడా ఉన్నారు కనుక, మందులషాపు అలవాటు గురించి ఒక మాట. కన్ను ఎర్రబడింది, దురద పెడుతోంది అనగానే షాపుకు వెళ్లి "ఏదైనా చుక్కల మందు ఇవ్వండి" అంటాం. కొన్ని చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజుల్లో హాయిగా ఉంటుంది. డాక్టరు చెప్పకుండా నెలల తరబడి వాడితే అదే నీటికాసులనూ, శుక్లాన్నీ తెచ్చిపెడుతుంది. 2023 వర్షాకాలంలో కండ్లకలక ఇంటింటికీ వచ్చినప్పుడు ఒకే సీసా ఇంటిల్లిపాదీ వేసుకున్నవారున్నారు. దయచేసి అలా చేయకండి. ఆయాసం ఉన్నవారు ఆ సంగతి కంటి డాక్టరుకు తప్పక చెప్పండి. నీటికాసులకు వాడే కొన్ని చుక్కలు ఆయాసాన్ని పెంచుతాయి.

కళ్లు మండటం, ఇసుక పడ్డట్టు గరగరలాడటం, టీవీ చూస్తే నీరు కారటం తరచుగా పొడిబారడం వల్ల వస్తాయి. వీటికి వారం పదిరోజుల్లో వీలు చూసుకుని వెళ్లవచ్చు. తలుపు చట్రం లాంటి తిన్నని గీతలు వంకరగా కనబడినా, పేపరులో మధ్య అక్షరాలు చెరిగిపోయినట్టున్నా అంత ఆగవద్దు, ఒకటి రెండు రోజుల్లోనే చూపించండి.

కొన్నింటికి మాత్రం ఆ రోజే వెళ్లాలి. మొదటిది, ఒక కంటి చూపు హఠాత్తుగా తగ్గిపోవడం, కాసేపటికి తిరిగి వచ్చినా సరే. రెండోది, కంటి ముందు మెరుపులు, ఒక్కసారిగా నల్లచుక్కలు, పక్క నుంచి తెర దిగినట్టు నీడ. రెటీనా పొర ఊడుతున్నదనడానికి అది గుర్తు. మూడోది, కన్ను ఎర్రబడి తీవ్రమైన నొప్పి, తలనొప్పి, వాంతులు, దీపం చుట్టూ రంగుల వలయాలు. ఇది నొప్పితో వచ్చే రకం నీటికాసులు. గ్యాసు అనో, బి.పి. అనో మాత్ర వేసుకుని పడుకోవద్దు. నాలుగోది, దెబ్బ తగలడం. సున్నం, యాసిడ్ లాంటివి పడితే ముందు శుభ్రమైన నీటితో పావుగంట, ఇరవై నిమిషాలు కడిగి, అప్పుడు ఆసుపత్రికి పరుగెత్తండి. ఒక వస్తువు రెండుగా కనబడుతూ, మూతి వంకరపోయినా, మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు. అప్పుడు కంటి డాక్టరు దగ్గరకు కాదు, పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ఎక్కడికి వెళ్లాలి అంటారా? ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కలే ఇప్పుడు కంటి ఆసుపత్రులు చాలా ఉన్నాయి. ప్రభుత్వ వైద్యానికి మెహదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది. బంజారాహిల్స్‌లో ఎల్.వి.ప్రసాద్ సంస్థ ఉంది. మీ ఆరోగ్య కార్డు ఎక్కడ చెల్లుతుందో ముందే కనుక్కోండి. పాత అద్దాలు, పాత చీటీలు, వాడుతున్న మందుల జాబితా తీసుకెళ్లండి. చుక్కలు వేశాక కొన్ని గంటలు మసకగా ఉంటుంది కనుక తోడు ఒకరుండాలి. స్కూటరు నడపవద్దు. డాక్టరు గారిని రెండు మాటలు అడగండి: "ఒత్తిడి ఎంత ఉంది? నరం, రెటీనా ఎలా ఉన్నాయి?" ఈ రెండింటికీ జవాబు రాకపోతే కంటి పరీక్ష పూర్తి కానట్టే.

చివరగా రెండు విన్నపాలు. పెన్షన్ పడిన రోజున ఎలాగూ పాస్‌బుక్ చూసుకుంటాం. అదే రోజు అద్దాలు పెట్టుకుని, ఒక కన్ను మూసి గోడ మీది క్యాలెండరు చూడండి, తరువాత రెండో కన్ను మూసి చూడండి. తేడా ఉంటే డాక్టరు దగ్గరకు వెళ్లండి. తేడా లేదని మాత్రం ఏడాది పరీక్ష మానవద్దు. రెండోది, మనం బతికే ఉన్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం కదా. ఆ నెలలోనే కళ్లకూ ఒకటి తెచ్చుకోండి. భార్యాభర్తలిద్దరూ వెళ్లండి. ఆడవారి పరీక్ష వచ్చే ఏటికి వాయిదా వేయడం మన ఇళ్లలో మామూలే, ఈసారి అది వద్దు.

నా ఎడమ కన్ను ఇక నాకు పెద్దగా పనికిరాదు. ఈ మాటలు విని మీలో ఒక్కరు రేపు డాక్టరు దగ్గరకు వెళ్లినా, అది మీకు పనికి వచ్చిందని సంతోషిస్తాను.