మలయా అరణ్య సమరము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



పట్టపగలు సేనలెదురెదురుగ నిలిచి చేయునది యొక యుద్ధము. చీకటిని, అడవిని తోడు చేసికొని చేయునది మరియొక యుద్ధము. భారతమున సౌప్తిక పర్వము చదివినవారికి ఈ రెండవదాని క్రౌర్యము తెలియనిది కాదు. దీనినే నేడు గెరిల్లా యుద్ధమందురు. ఇట్టి యుద్ధము పల్లెటూరి సంసారి నెట్లు నలిపివేయునో తెలుపుటకు మలయా దేశ చరిత్ర చాలును. ఆ దేశము తెలుగువారికి పరాయిది కాదు. విశాఖ, గోదావరి మండలములనుండి ఎన్నో కుటుంబములు ఓడలెక్కిపోయి అచటి రబ్బరు, కొబ్బరి తోటలలో కూలి చేసి బ్రతికినవి.

1941 డిసెంబరు 8న జపాను సేనలు కోటబారు తీరమున దిగినవి. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయెను. అజేయమనుకొన్న ఆంగ్ల ప్రభుత్వము డెబ్బది దినములలో కూలిపోయినది. జపానువారు చీనా జాతీయులను వేలకొలది వధించిరి. తోటలలోని తమిళ, తెలుగు కూలీలను సయాం-బర్మా రైలుమార్గము వేయుటకు తోలుకొనిపోయిరి. 415 కిలోమీటర్ల ఆ దారివెంట ఆకలికి, జ్వరమునకు, కలరాకు వేలమంది బలియైరి.

అప్పుడు కమ్యూనిస్టుల నాయకత్వమున జపాను వ్యతిరేక ప్రజాసైన్య మొకటి అడవులలో వెలసెను. అందు చీనావారే అధికులు. వారికి ఆయుధమిచ్చినది, శిక్షణ నేర్పినది ఆంగ్లేయులే. అన్నము పెట్టినది మాత్రము అడవి యంచున గుడిసెలు వేసికొని వరి, దుంపలు పండించుకొను బీదలు. శత్రువుకంటె ద్రోహి యెక్కువ చెరుపు చేసెను. పార్టీ కార్యదర్శి లాయ్ టెక్ గూఢచారియై జపానువారికి రహస్యములందించగా, 1942 సెప్టెంబరు 1న బాటు గుహలవద్ద పెక్కుమంది నాయకులు హతులైరి.

1945లో జపాను లొంగెను. డిసెంబరులో అరణ్యసైనికులు తలకు 350 డాలర్లు పుచ్చుకొని తుపాకులప్పగించిరి. కొన్ని తుపాకులు మాత్రము అడవిలోనే దాగినవి. 1946లో ఆ సైన్యపు ప్రతినిధులు లండను విజయోత్సవ కవాతులో నడచిరి. వారి యువనాయకుడు చిన్ పెంగ్‌నకు ఓ.బి.ఇ. బిరుదు దక్కెను. ఇట్లు సత్కరింపబడినవాని తలకే కొలది యేండ్లలో వెల కట్టబడెను!

కారణమేమి? తిరిగివచ్చిన దొరతనము పాత పద్ధతినే సాగించెను. బియ్యము కరవు, కూలి తక్కువ, సమ్మెలమీద లాఠీలు. 1948 జూన్ 16న సుంగై సిపుట్ వద్ద ముగ్గురు తోటదొరలు చంపబడిరి. ప్రభుత్వము 'అత్యవసర పరిస్థితి' ప్రకటించెను. యుద్ధమనినచో భీమా కంపెనీలు తోటల నష్టమునకు సొమ్మియ్యవు గనుక ఆ పేరు పెట్టిరందురు. ఆ డిసెంబరులోనే బటాంగ్ కలి గ్రామమున ఆంగ్ల సైనికులు ఆయుధములులేని 24 మందిని కాల్చి చంపిరి. 1951 అక్టోబరులో హైకమీషనరు గర్నీ గెరిల్లాల తుపాకులకు గురియయ్యెను.

అడవిలో మనిషిని పట్టుట కష్టము. వాని కంచములోని మెతుకును పట్టుట సులభము. బ్రిగ్స్ అను సేనాని 1950లో ఈ రహస్యము గ్రహించెను. అడవి యంచున నున్న సుమారు అయిదు లక్షలమందిని పెకలించి, ముండ్లకంచెల నడుమ 'క్రొత్త పల్లెలలో' ఉంచిరి. ద్వారమువద్ద సోదాలు; బియ్యము కొలిచి ఇచ్చుట; కొన్ని తావుల వండిన అన్నమునే పంచుట; దాచుటకు వీలులేకుండ డబ్బాలకు దుకాణములోనే రంధ్రము పొడుచుట. 1952లో టెంప్లర్ దొర తంజోంగ్ మాలిం ఊరివారు హంతకుల పేర్లు చెప్పలేదని దినమునకు 22 గంటలు ఇల్లు కదలనీయలేదు. బియ్యమునందు కోత విధించెను. ఒక చేత్తో ఇట్లు దండించుచునే, రెండవ చేత్తో భూమిపట్టాలు, బడులు, మంచినీరు, ఎన్నికలు ఇచ్చిరి. గృహస్థు గెరిల్లాకు బియ్యమిచ్చిన ప్రభుత్వము శిక్షించును. ఈయకున్న గెరిల్లా శిక్షించును.

1955 డిసెంబరులో బాలింగ్ పట్టణమున రాయబారము జరిగెను. టుంకు అబ్దుల్ రహమాన్ లొంగుబాటు కోరెను. చిన్ పెంగ్ తన పార్టీకి గుర్తింపు కోరెను. రెండు దినములలో సంధి చెడెను. కాని 1957 ఆగష్టు 31న స్వాతంత్ర్యము రాగానే, పరపాలనపై పోరాటమను మాటకు బలము తగ్గినది. 1960 జూలై 31న అత్యవసర పరిస్థితి ముగిసెను. అప్పటికి దాదాపు 6,700 మంది గెరిల్లాలు, 2,500 మంది సామాన్యులు మరణించిరి. బాలింగులో కుదరని సంధి 1989 డిసెంబరు 2న హాద్యాయిలో కుదిరెను. నడుమ ముప్పది నాలుగేండ్లు!

పరాయి పాలననెదిరించినవారి తెగువ మెచ్చదగినదే. కాని సంధికి సమయము వచ్చినప్పుడు ఇరుపక్షములు మంకుపట్టు పట్టినచో, ఆ ఆలస్యమునకు వెల చెల్లించువాడు నాగలి పట్టినవాడే. అడవిలో గెరిల్లాలతో మెలగిన చాప్‌మన్ అను ఆంగ్లేయుడు 1949లో ఒక గ్రంథము వెలువరించెను. చిన్ పెంగ్ 2003లో తన పక్షము వ్రాసెను. అట్టి రెండు గ్రంథములు పక్కపక్కన నిలుచు చోటు గ్రంథాలయమొక్కటే. ఒక్క పక్షమే చదువువాడు సైనికుడగును. రెండును చదువువాడు పెద్దమనిషియగును. ఇరువది యయిదేండ్లుగ ఈ గ్రంథాలయము చేయుచున్న సేవ యిదియే. ఇది శతవర్షములు వర్ధిల్లుగాక!