ఉజ్జాయింపుతో సరిపెట్టుకోని లార్స్ ఆన్సాగర్



అసంఖ్యాకమైన అణువుల కదలికల నుంచి ఉష్ణోగ్రత, పీడనం, అయస్కాంతత్వం ఎలా పుడతాయో లెక్కగట్టే శాస్త్రం స్టాటిస్టికల్ మెకానిక్స్. మాక్స్‌వెల్, బోల్ట్జ్‌మన్, గిబ్స్, సత్యేంద్రనాథ్ బోస్ ఆ శాస్త్రంలో మనకు చిరపరిచితులు. వారి సరసన కూర్చోదగిన లార్స్ ఆన్సాగర్ పేరు మాత్రం మన తరగతి గదుల్లో అరుదుగా వినిపిస్తుంది. అందుకే ఈ అధ్యక్షోపన్యాసానికి ఆయన కృషే విషయం.

ఆన్సాగర్ 1903 నవంబరు 27న నార్వే రాజధానిలో పుట్టారు. ట్రాండ్‌హైమ్‌లో కెమికల్ ఇంజనీరింగ్ చదివారు. విద్యుద్విశ్లేష్య ద్రావణాలపై 1923లో వెలువడిన డిబై–హుకెల్ సిద్ధాంతాన్ని చదువుతుండగా ఆయనకు అందులో ఒక లోపం కనిపించింది. 1925లో జ్యూరిక్ వెళ్లి, డిబై ఎదుటే ఆ సిద్ధాంతం తప్పని చెప్పారు. ద్రావణంలోని అయాన్లన్నీ అడ్డదిడ్డంగా కదులుతుంటే, లెక్కలోకి తీసుకున్న ఒక్క అయాన్ మాత్రం తిన్నగా సాగిపోతుందని ఎలా అనుకుంటారన్నది ఆయన అభ్యంతరం. డిబై కోపగించుకోలేదు. ఆ కుర్రవాణ్ణి తన సహాయకుడిగా పెట్టుకున్నారు.

1928లో ఆయన అమెరికా చేరారు. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం విద్యార్థులకు రసాయనశాస్త్రం చెప్పబోతే వాళ్లకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఆ ఉద్యోగం నిలవలేదు. తరువాత చేరిన బ్రౌన్ విశ్వవిద్యాలయంలోని కొలువు 1933లో, ఆర్థిక మాంద్యం రోజుల్లో పోయింది. ఈ రెండో మజిలీలోనే, 1931లో, ఆయన ఫిజికల్ రివ్యూలో రెండు వ్యాసాలు ప్రచురించారు. ముప్పయ్యేడు ఏళ్ల తరువాత నోబెల్ బహుమతి తెచ్చిపెట్టింది అవే.

వాటిలో ఏముంది? రెండు వేర్వేరు లోహపు తీగలను కలిపి ఒక అతుకును వేడిచేస్తే విద్యుత్తు పుడుతుంది. అదే వలయంలో విద్యుత్తును పారిస్తే ఒక అతుకు వేడెక్కి, మరొకటి చల్లబడుతుంది. ఈ రెండు ప్రభావాలకూ సంబంధం ఉందని కెల్విన్ పందొమ్మిదో శతాబ్దంలోనే చెప్పినా, ఆ వాదనకు గట్టి పునాది లేదు. అణువుల స్థాయిలో ప్రతి కదలికా ముందుకు జరిగినట్టే వెనక్కూ జరగగలదన్న ఒక్క సూత్రం మీద నిలబడి, ఆన్సాగర్ ఆ పునాది వేశారు. వేడి విద్యుత్తును నడిపే గుణకమూ, విద్యుత్తు వేడిని నడిపే గుణకమూ సమానమని నిరూపించారు. ఒకదానితో ఒకటి ముడిపడిన ప్రవాహాలు ఎక్కడున్నా, సమతాస్థితికి దగ్గరలో ఈ సంబంధాలు వర్తిస్తాయి. సమతాస్థితిని దాటి వెనక్కు మళ్లని (అద్విగత) ప్రక్రియల్లోకి ఉష్ణగతికశాస్త్రం అడుగుపెట్టడానికి దారి వేసినవి ఇవే.

ఇంతటి పని చేసి యేల్ విశ్వవిద్యాలయానికి వచ్చిన మనిషికి అప్పటికి డాక్టరేట్ లేదు! 1935లో మాథ్యూ సమీకరణం మీద సిద్ధాంతవ్యాసం సమర్పించి ఆ పట్టా పుచ్చుకున్నారు.

ఆయన సాధించినవాటిలో శిఖరం 1944 నాటి వ్యాసం. గళ్ల కాగితం మీద ప్రతి గడిలోనూ పైకో కిందికో చూసే బాణం ఒకటి ఉందనుకోండి. పక్కపక్క బాణాలు ఒకే దిక్కుకు చూస్తే శక్తి తగ్గుతుంది. ఇదే ఈజింగ్ నమూనా. నూరు గడులకే అమరికల సంఖ్య ఒకటి పక్కన ముప్పై సున్నాలు పెట్టినదాన్ని దాటిపోతుంది. ఒకే వరుసలో ఉన్న బాణాలకు అయస్కాంతత్వం రాదని ఈజింగ్ 1925లో తేల్చారు. రెండు కొలతల్లో వస్తుందని 1936లో పయర్ల్స్ వాదించారు. క్రేమర్స్, వానియర్ 1941లో ఆ అయస్కాంతత్వం తలెత్తే ఉష్ణోగ్రతను పట్టుకున్నారు. బాహ్య అయస్కాంత క్షేత్రం లేనప్పుడు అసలు లెక్కను ఏ ఉజ్జాయింపూ లేకుండా ఆసాంతం చేసినవారు ఆన్సాగర్.

ఫలితం చూసి ఆ రంగం విస్తుపోయింది. ఆ ఉష్ణోగ్రత దగ్గర విశిష్టోష్ణం ఒక్క గెంతు గెంతి ఆగుతుందని పాత ఉజ్జాయింపు సిద్ధాంతాలు చెప్పేవి. అది లాగరిథమ్ వేగంతో అనంతానికి పోతుందని ఆన్సాగర్ లెక్క చూపింది. 1948లో కార్నెల్‌లో జరిగిన సమావేశంలో అయస్కాంతత్వం సూత్రాన్ని కూడా నల్లబల్ల మీద రాశారు కానీ నిరూపణ ప్రచురించలేదు. 1952లో సి.ఎన్. యాంగ్ ఆ నిరూపణను ప్రచురించారు. సూత్రంలోని ఘాతాంకం 1/8. వైస్ ఉజ్జాయింపు అనే పాత సిద్ధాంతం చెప్పింది 1/2. ఈ తేడాయే తరువాతి తరాన్ని నిద్రపోనివ్వలేదు. ఆ అన్వేషణకు 1971లో కెన్నెత్ విల్సన్ సమాధానం చెప్పి, 1982లో నోబెల్ పొందారు.

ద్రవ హీలియంలోని సుడులు, ద్రవ స్ఫటికాలు, లోహాల్లోని ఎలక్ట్రాన్లు, ఇలా ఆన్సాగర్ చేయిపెట్టినచోటల్లా ఒక మూలసూత్రం మిగిలింది. 1968లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్న ఆయన 1976లో కన్నుమూశారు. సమాధి రాతి మీద ‘నోబెల్ గ్రహీత’ అన్న మాటకు పిల్లలు తరువాత ‘వగైరా’ అని చేర్పించారు. అది అక్షరాలా నిజం.

అధ్యాపకులకు ఒక విన్నపం. ఎం.ఎస్సీ. పాఠాన్ని వైస్ ఉజ్జాయింపు దగ్గర ముగించకండి. ఆన్సాగర్ ఫలితం దాకా నడిపించండి. విద్యార్థులారా, ఈజింగ్ నమూనాను మీ కంప్యూటర్ మీద నడిపి, ఆన్సాగర్ లెక్కలోని ఉష్ణోగ్రత వస్తుందో లేదో మీరే సరిచూసుకోండి. తెలుగులో శాస్త్రం రాసేవారు ఈ కథను లెక్కతో సహా రాయాలి. మూడు కొలతల ఈజింగ్ నమూనాకు అటువంటి సంపూర్ణ పరిష్కారం ఇప్పటికీ దొరకలేదు. దాని మీద పనిచేయడానికి మన విశ్వవిద్యాలయాల నుంచీ యువకులు, యువతులు ముందుకు రావాలి.